కొమురయ్య కొట్టిన తారీకు

ఇప్పుడు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అని పిలిచే ఉద్యోగాన్ని నేను వరంగల్లో ఒక కాలేజీ కంప్యూటర్ సెంటర్‌లో దాదాపు ముప్ఫై ఏళ్లు చేశాను. మొదటి పదేళ్లు ఆ పనికి పేరే లేదు. హాజరు పుస్తకంలో టెక్నికల్ అసిస్టెంట్ అని ఉండేది. మా అమ్మ చుట్టాలతో "మా సువార్త కంప్యూటర్ కాడ పనిచేస్తది" అని చెప్పేది. అక్కడ ఏం చేస్తానో ఆమె ఎప్పుడూ అడగలేదు, అడిగితే చెప్పడం నాకూ కష్టమే అయ్యేది.

ఈ మధ్య మా చెల్లెలి కూతురు ఇదే రంగంలో చేరింది. మొదటి నెలలోనే ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఒక సర్వీస్ బంద్ చేసినా దాని ఫైళ్లు మళ్ల మళ్ల వస్తున్నయ్. ఎవరో కావాలనే చేస్తున్నరని మా మేనేజర్ అంటున్నడు" అంది.

 ఎక్కడ వెతకాలో మాత్రం చెప్పి ఫోన్ పెట్టేశాను. చెప్పవలసింది ఇంకా చాలా ఉంది. ఆ మిగిలింది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చల్లటి గది

డెబ్బైల చివర నేను చేరేనాటికి మా సెంటర్‌లో కార్డుల యంత్రం ఉండేది. విద్యార్థులు ప్రోగ్రాం కాగితం మీద రాసిస్తే, ఆపరేటర్లు దాన్ని అట్ట కార్డుల మీద చిల్లులుగా కొట్టేవారు. ఎనభైలలో దాని చోటులోకి కొత్త మినీ కంప్యూటర్ వచ్చింది. ఇనుప బీరువాల్లాంటి రెండు పెట్టెలు, తెర, కీబోర్డు ఉన్న ఎనిమిది టెర్మినళ్లు, టైపు మిషన్ లాంటి ఒక కన్సోల్. ఆ కన్సోల్‌కు తెర లేదు. మనం కొట్టింది, యంత్రం తిరిగి చెప్పింది, రెండూ మడతలు మడతలుగా దిగే వెడల్పాటి కాగితం మీద అచ్చయ్యేవి.

డిస్క్ గురించి చెబితే మీరు నవ్వుతారు. ఇప్పటి ఫోన్‌తో తీసిన రెండు మూడు ఫొటోలకు సరిపోయేంత చోటు. అందులోనే కాలేజీ అంతా సర్దుకోవాలి.

వరంగల్లో ఎండ మండిపోతున్నా మా గదిలో స్వెట్టర్ వేసుకుని కూర్చునేవాళ్లం. చెప్పులు బయట విప్పాలి. ఏసీ ఆగితే యంత్రాన్ని కూడా ఆపాలి. ఒకసారి మూడో నంబరు టెర్మినల్ మధ్యాహ్నాలు మాత్రమే పిచ్చి అక్షరాలు చూపిస్తోందని హైదరాబాద్ నుంచి కంపెనీ ఇంజనీర్‌ను పిలిపించాం. ఆయన బ్యాగులో సామాను అంతా మోసుకుని రైల్లో వచ్చి, రెండు రోజులు బోర్డులు మార్చాడు. చివరికి ఏసీ నుంచి బొట్లు బొట్లుగా కారే నీళ్లు గోడ వెంట వచ్చి తీగ మీద పడుతున్నాయని తేలింది. మా పని చాలా వరకు ఇలాంటిదే. పుస్తకంలో ఉన్న జవాబు కోసం వెతుకుతాం, అది గోడ మీద ఉంటుంది.

ఆ బొట్లను మొదట చూసింది మా ఆపరేటర్ కొమురయ్య.

కొమురయ్య, మూర్తి గారు

కొమురయ్యది వర్ధన్నపేట దగ్గర వ్యవసాయ కుటుంబం. పదో తరగతి తప్పి, టైపు నేర్చుకుని, డెబ్బైలలో కార్డులు కొట్టే పనిలో చేరాడు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, అతను నన్ను మేడం అనేవాడు. ఇంగ్లీషు మాట్లాడలేడు గానీ పెద్దక్షరాల్లో ఉన్నది ఏదైనా ఒక్క అక్షరం తప్పు పోకుండా చదివి కొట్టేవాడు. కార్డులు పోయాక అతన్ని యంత్రం స్టార్ట్ చేసే పనికి మార్చారు. పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చి, ఏసీ వేసి, గది చల్లబడ్డాక కంప్యూటర్ ఆన్ చేయడం అతని డ్యూటీ. అన్నేళ్లు పనిచేసినా ఇంకా టెంపరరీయే.

మూర్తి గారు మా హెడ్. కోస్తా నుంచి వచ్చి హనుమకొండలో స్థిరపడ్డారు. కోపిష్టి అని పేరు, కానీ నాకు పని నేర్పింది ఆయనే. నా ప్రోగ్రాం తప్పు పోతే, దాన్ని మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ఆయన ముందు పైకి చదవాలి. సగం చదివేసరికి తప్పు నాకే దొరికేది. ఆయన ఏమీ అనకుండా టీ తెప్పించేవారు. ఆడపిల్లను మెషిన్ రూంలో పెట్టడం ఏమిటని పై వాళ్లు గొణిగినప్పుడు, "ఆవిడ లేకపోతే మెషిన్ రూంకి తాళం వేసి నేను ఇంటికి పోతాను" అన్న మనిషి. ఆయన మీద నాకు ఈ రోజుకీ గౌరవమే. అందుకే జరిగింది ఉన్నదున్నట్టు రాయగలుగుతున్నాను.

నాలుగు ఫైళ్లు

మా యంత్రంలో హాజరు సర్వీస్ అని మేం పిలిచేది ఒకటి ఉండేది. ఏ టెర్మినల్ మీద ఎవరు ఎప్పుడు కూర్చున్నారు, ఎప్పుడు లేచారు అని అది రాసిపెట్టేది. దానికి నాలుగు ఫైళ్లు ఉండేవి. పేర్లు రెండు జెడ్‌లతో మొదలయ్యేవి. తర్వాత చోటు చాలదేమోనని అవి ముందే డిస్క్ మీద పెద్ద జాగా ఆక్రమించుకునేవి, ఖాళీగా ఉన్నా సరే.

ఆ ఏడాది మొదటిసారి పరీక్ష ఫలితాలు మా సెంటర్‌లోనే తయారు చేయాలని నిర్ణయించారు. మార్కులను వరుసలో పెట్టే ప్రోగ్రాంకు డిస్క్ మీద చాలా చోటు కావాలి. మూర్తి గారు హాజరు సర్వీస్ ఆపేయమన్నారు. నేను ఆపేసి, నాలుగు ఫైళ్లు తుడిచేశాను. పని అయిపోయిందనుకున్నాను.

మర్నాడు వచ్చి చూస్తే నాలుగూ ఉన్నాయి. అవే పేర్లు, అంతే సైజు. తయారైన సమయం ఎనిమిది నలభై.

మళ్లీ తుడిచాను. మర్నాడు మళ్లీ ఉన్నాయి. ఎనిమిది నలభై రెండు. సర్వీస్ నడుస్తోందేమోనని చూస్తే అది ఆగే ఉంది. కంపెనీ పుస్తకాలు మూడు తిరగేశాను. ఆపేసిన సర్వీస్ తనంతట తాను ఫైళ్లు తయారుచేయదని స్పష్టంగా ఉంది. రోజూ పొద్దున తుడిచేస్తే సరిపోదా అని మీరు అడుగుతారు. నేనూ అలాగే చేస్తూ వచ్చాను.

ఆ వారంలోనే ఒకరోజు కొమురయ్య తలుపు దగ్గర నిలబడి, "మేడం, నేను తారీకు కొట్టంగనే కాగితం మీద అదే ఏదో కొట్టుకుంటాంది. జర వచ్చి చూడుండ్రి" అన్నాడు.

నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "లేచేటప్పుడు అది చాలా అచ్చు వేస్తది అన్నా, మామూలే" అన్నాను.

తర్వాతి శుక్రవారం నా బస్సు ఆలస్యమైంది. నేను వచ్చేలోపే మూర్తి గారు ఫలితాల ప్రోగ్రాం మొదలుపెట్టారు. సగంలో డిస్క్ నిండి ఆగిపోయింది. ఆగడమే కాదు, మార్కుల ఫైలు కూడా పాడైంది. రెండు వారాలు కూర్చుని ఎక్కించిన మార్కులు మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. బయట వరండాలో చివరి సంవత్సరం పిల్లలు నిలబడి ఉన్నారు. పై చదువులకు దరఖాస్తు గడువు దగ్గర పడిందని వాళ్లు రోజూ వచ్చి అడుగుతున్నారు. ఆ ముఖాలను దాటుకుని మూర్తి గారు తన గదిలోకి వెళ్లి నన్ను పిలిచారు.

నేను అన్న ఒక్క మాట

"ఎనిమిది నలభైకి ఆ గదిలో ఎవరుంటారు?" అని అడిగారు.

"కొమురయ్య ఉంటాడు సార్."

"ఇంకెవరైనా?"

"ఎవరూ ఉండరు."

ఆయన పెన్ను బల్ల మీద పెట్టారు. "కార్డులు తీసేసినప్పుడు క్యాంటీన్‌లో ఏమన్నాడో గుర్తుందా? ఈ మిషన్లు మా పొట్ట కొట్టినయ్ అన్నాడు. ఇప్పుడు ఫలితాలు ఆగితే ఎవరికి చెడ్డపేరు? మనకి, ఈ యంత్రానికి. చూడండి సువార్త గారూ, నేను తొందరపడటం లేదు. మీరు చెప్పండి. మనిషి చెయ్యి పడకుండా ఆ ఫైళ్లు రావడానికి ఇంకేదైనా కారణం ఉందా?"

ఆయన నిజంగానే అడిగారు. నేను తెలియదు అనాల్సింది. తెలియదు అనే మాట నోటిదాకా వచ్చింది. కానీ యంత్రం గురించి అన్నీ తెలిసినదానిగా పేరు తెచ్చుకోవడానికి నేను అయిదేళ్లు కష్టపడ్డాను. ఆ గదిలో తెలియదు అంటే అది పోతుందేమో అనిపించింది.

"లేదు సార్" అన్నాను.

ఆ మధ్యాహ్నమే మెమో తయారైంది. కొమురయ్యను టెర్మినళ్ల దగ్గరకు పిలిచి అందరి ముందూ చేతికిచ్చారు. విచారణ పూర్తయ్యే దాకా మెషిన్ రూంలోకి రావద్దు. అతను దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

"సార్, నేనెందుకు చేస్త? పిల్లల రిజల్ట్‌ను నేనెందుకు ఖరాబు చేస్త?" అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. మూర్తి గారు కిటికీ వైపు చూస్తూ, "విచారణలో చెప్పుకో" అన్నారు.

అప్పుడు కొమురయ్య నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నేను టెర్మినల్ వైపు తిరిగి ఏదో కొడుతున్నట్టు కూర్చున్నాను. అతను వరండాలో చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

అతను లేని రోజులు

సోమవారం నుంచి పొద్దున యంత్రం స్టార్ట్ చేసే పని రాజేశ్వర్ అనే ఇంకో ఆపరేటర్‌కు ఇచ్చారు. శుక్రవారం నేను తుడిచినవి మళ్లీ వచ్చాయేమోనని వస్తూనే చూశాను. ఫైళ్లు లేవు.

మంగళవారం లేవు. బుధవారం కూడా లేవు.

"చూశారా?" అన్నారు మూర్తి గారు. ఆ మాటలో సంతోషం లేదు, అలసట ఉంది. సెంటర్‌లో అందరూ అనుకున్నదే అన్నట్టు తలలూపారు. నాకూ ఊపిరి తేలికైంది. అది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, నిజం. నేను అన్న మాట అబద్ధం కాలేదని సంతోషపడ్డాను.

మార్కులు మళ్లీ ఎక్కించడానికి అందరం కూర్చున్నాం. అందరూ చెయ్యి వేయడంతో ఆ శనివారానికే పని అయింది, ఫలితాల ప్రోగ్రాం మొదలైంది. అది రెండు రోజులు నడవాలి. సోమవారం దాకా యంత్రాన్ని ఎవరూ ముట్టుకోకూడదని మూర్తి గారు తలుపుకు కాగితం అంటించారు. మొదటి పేజీలు అచ్చై వస్తుంటే నేను సరిచూస్తున్నాను. అంకెలన్నీ సరిగానే ఉన్నాయి. పేజీ పైన తారీకు మాత్రం తప్పు. అది కొమురయ్య వెళ్లిపోయిన శుక్రవారం తారీకు.

రాజేశ్వర్‌ను పిలిచాను. "పొద్దున స్టార్ట్ చేసినప్పుడు తారీకు కొడుతలేవా?"

"అది అడుగుతది మేడం. గని ఉత్త రిటర్న్ కొట్టినా నడుస్తది కద. రోజు తారీకు, టైం అన్ని ఎవలు కొడుతరు?"

ఆ రోజుల్లో యంత్రానికి తన గడియారం ఉండేది కాదు. ఆన్ చేయగానే ఇవాళ తారీకు ఎంత అని అడిగేది. కొట్టకపోతే పాత తారీకుతోనే నడిచేది. కొమురయ్య ఒక్కరోజు కూడా వదలకుండా తారీకు, సమయం కొట్టేవాడు. తన చేతి గడియారం రేడియోతో సరిచూసుకుని మరీ కొట్టేవాడు.

 కొమురయ్య ఉన్న రోజులకూ లేని రోజులకూ మధ్య ఇంకో తేడా ఉంది. తారీకు. అతను తలుపు దగ్గర నిలబడి అన్న మాట కూడా అదే. తారీకు కొట్టంగనే అన్నాడు.

యంత్రాన్ని ఆపి చూడలేను. పాత కన్సోల్ కాగితాలు చూద్దామంటే, మడతల కాగితం ఎక్కువైపోతోందని, వాటిని ఇంటికి తీసుకుపొమ్మని కొమురయ్యకు చెప్పింది నేనే. ఆదివారం చర్చికి వెళ్లలేదు. వర్ధన్నపేట బస్సు ఎక్కాను.

వర్ధన్నపేటలో

కొమురయ్య భార్య సరోజన ఇంటి ముందు పందిరి కింద జాకెట్లు కుట్టుకుంటోంది. నేనెవరో చెప్పాక మిషన్ ఆపింది గానీ కూర్చోమనలేదు.

"ఇంకేమన్న కాగితం ఇయ్యనికి వచ్చిండ్రా?" అంది.

"లేదమ్మా. అన్నతో మాట్లాడాలె."

"చేను కాడికి పోయిండు. పది దినాల సంది గీ ఇంట్ల అన్నం సక్కగ తింటలేడు. ఊర్ల అందరు అడుగుతాండ్రు, ఏం జేసినవని నిన్ను నౌకరీకి రావద్దన్నరని. ఏమని చెప్పాలె మేడం?"

కాసేపటికి ఆమె లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చిచ్చింది. కొమురయ్య వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. నన్ను చూసి పందిరి బయటే ఆగిపోయాడు.

"అన్నా, పాత కాగితాలు కావాలె" అన్నాను. "నువ్వు తారీకు కొట్టినంక అది ఏం కొట్టుకుంటాందో నేను చూడాలె."

 సరోజన అతని ముఖం చూసి, గూట్లోంచి ఒక మూట తీసుకొచ్చింది. మా కన్సోల్ కాగితాలే. కానీ అన్నీ కత్తిరించి ఉన్నాయి. వెడల్పాటి కాగితం కదా, జాకెట్లకు నమూనాలు చేసుకోవడానికి బాగుంటుందని ఆమె చేతులు, వీపులు, ముందు భాగాలు అన్నీ ఆ కాగితాల మీదే గీసి కోసుకుంది. ఒక్కో దాని మీద కొలత ఎవరిదో పేరు రాసి ఉంది.

మంచం మీద పరిచి వెతికాం. కొమురయ్య కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. అతని కళ్లే చురుకు. ఒక చేతి నమూనా తీసి నా ముందు పెట్టాడు. దాని మీద అతను కొట్టిన తారీకు ఉంది, సమయం ఉంది. కింద యంత్రం కొట్టిన వరుస ఒకటి ఉంది. హాజరు ఫైళ్లు లేవు, మళ్లీ తయారు చేస్తున్నాను అని ఇంగ్లీషులో పెద్దక్షరాల్లో ఉంది. దాని కింద రెండు పొడి అక్షరాలు. కె. ఎస్.

నేను రాసే ప్రతి చిన్న ప్రోగ్రాం చివర నా పొడి అక్షరాలు అచ్చయ్యేట్టు పెట్టుకునేదాన్ని. ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలో తెలియాలని.

అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు ఏడాది వానాకాలంలో కరెంటు మాటిమాటికీ పోయేది. పోయినప్పుడల్లా హాజరు ఫైళ్లు పాడయ్యేవి. ఫైళ్లు లేకపోతే ఆ సర్వీస్ లేస్తూ మధ్యలో ఇరుక్కునేది, దాంతో టెర్మినళ్లూ ఆగిపోయేవి; సర్వీస్‌ను పూర్తిగా ఆపేస్తే మాత్రం ఆ ఇబ్బంది లేదు. ఆ బాధ పడలేక ఒక మధ్యాహ్నం కూర్చుని పది వరుసలు రాశాను. కొత్త తారీకు వస్తే ఒక్కసారి చూడు, ఫైళ్లు లేకపోతే తయారు చెయ్యి. దాన్ని స్టార్ట్ అయ్యేటప్పుడు జరిగే పనుల్లో చేర్చేశాను, మరిచిపోయాను. సర్వీస్ ఆపినప్పుడు సర్వీస్‌నే ఆపాను. ఫైళ్లు పోయాయే అని కంగారుపడి రోజూ కొత్తవి తయారుచేస్తున్న ఆ పది వరుసలు అలాగే ఉండిపోయాయి. కంపెనీ పుస్తకాలు మూడు చదివాను గానీ నేను రాసింది చదవలేదు. అందులో ఏముందో నాకు తెలుసనుకున్నాను.

"గివి మీ పేరే కద మేడం" అన్నాడు కొమురయ్య.

తల ఎత్తి చూశాను. "నీకు ముందే తెలుసా?"

"నాకు అక్షరాలు రావా? పదేండ్లు కార్డులు కొట్టిన. రెండుసార్లు మీతోని చెప్పిన. ఒకసారి తలుపు కాడ చెప్పిన, ఒకసారి మీరు బస్సుకు పోతాంటె చెప్పిన. మీరు పోనీ అన్నా అన్నరు."

"మరి సార్‌తో ఎందుకు చెప్పలేదు?"

అతను ఆ కాగితాన్ని మడతపెట్టబోయి, నమూనా కదా అని ఆగి, మళ్లీ సాపు చేశాడు. "సార్ ముంగట మీ పేరు చెప్తె, తప్పించుకోనికి మేడం మీద పెడుతాండు అనరా? అయినా..." అని ఆగాడు. "మీకు తెలిసే ఊకున్నరు అనుకున్న మేడం."

మెమో చేతికిచ్చిన రోజు అతను నా వైపు ఎందుకు అంతసేపు చూశాడో అప్పుడు తెలిసింది. నేను నోరు తెరుస్తానని చూశాడు. తెలిసే అతన్ని బలిచ్చాననుకుని పదిరోజులు గడిపాడు.

"తెలువదు అన్నా. ఒట్టు, నాకు తెలువదు" అన్నాను. అనగానే అది ఎంత చిన్న మాటో నాకే అనిపించింది. తెలియదని అనాల్సిన చోట అనలేదు కదా. ఏడుపొచ్చింది. సరోజన కుట్టు మిషన్ మీది గుడ్డ ముక్క తీసి నా చేతిలో పెట్టింది.

"ఊకోండ్రి. అన్నం తిని పోండ్రి" అంది. ఆ ఇంట్లో నేను అన్నం తిన్నాను. కొమురయ్య తినలేదు.

మూర్తి గారి ముందు

సోమవారం ఫలితాల పని అయిపోయాక మూర్తి గారిని కన్సోల్ దగ్గరకు పిలిచాను. యంత్రం ఆపి, ఆన్ చేసి, నా చేత్తో తారీకు కొట్టాను. కాగితం కదిలింది. ఆ వరుస వచ్చింది. దాని కింద నా పొడి అక్షరాలు వచ్చాయి. ఫైళ్ల జాబితా అడిగితే నాలుగూ ఉన్నాయి.

"ఇది రాసింది నేను సార్. కొమురయ్య రోజూ తారీకు సరిగ్గా కొట్టాడు కాబట్టే ఇది నడిచింది. రాజేశ్వర్ కొట్టలేదు కాబట్టి నడవలేదు. మీరు అడిగినప్పుడు లేదు అన్నాను. తెలియక అన్నాను, తెలిసినట్టు అన్నాను."

కేకలు వేస్తారనుకున్నాను. ఆయన ఆ కాగితం చింపి, ఆ వరుసను మళ్లీ చదివారు.

"మెమో మీద సంతకం మీది కాదు, నాది" అన్నారు చివరికి. "క్యాంటీన్‌లో అన్న మాట పట్టుకుని ఒక మనిషిని దొంగను చేశాను. అతన్ని పిలిపించండి."

"పిలిపిస్తే రాడు సార్."

ఆయన స్కూటర్ తాళాలు తీసుకున్నారు. ఖమ్మం రోడ్డు మీద వర్ధన్నపేట దాకా ఆయన స్కూటర్ నడపడం అదే మొదటిసారి, చివరిసారి కూడా. నేను వెనక బస్సులో వెళ్లాను. నేను చేరేసరికి ఆయన పందిరి కింద నిలబడి ఉన్నారు, నెత్తి నిండా దుమ్ము.

"తప్పు మాది కొమురయ్యా. మెమో వెనక్కి తీసుకుంటున్నాను. రేపు డ్యూటీకి రా" అంటున్నారు.

కొమురయ్య చేతులు కట్టుకుని విన్నాడు. "వస్త సార్. గని మీరు మెమో అందరి ముంగట ఇచ్చిండ్రు. గీ మాట మా ఇంట్ల చెప్తె ఎవలకు ఎర్క? గది గూడ అందరి ముంగటనే చెప్పుండ్రి."

 మూర్తి గారికి అలా ఎదురు చెప్పినవాళ్లను నేను చూడలేదు. ఆయన ముఖం ఎర్రబడింది, తర్వాత మామూలైంది. "అలాగే" అన్నారు.

మర్నాడు పది గంటలకు సెంటర్‌లో అందరినీ నిలబెట్టి చెప్పారు. అంత బాగా పాఠం చెప్పే మనిషి ఆ నాలుగు మాటలకు మూడుసార్లు ఆగి మళ్లీ మొదలుపెట్టారు. తర్వాత నేనూ చెప్పాను. నా పొడి అక్షరాలున్న కాగితం చూపించి చెప్పాను. కొమురయ్య గోడకు ఆనుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

సరిదిద్దలేకపోయింది ఒకటుంది. టెంపరరీ వాళ్లను పర్మనెంట్ చేసే జాబితా ఆ పదిరోజుల్లోనే పైకి వెళ్లిపోయింది. విచారణలో ఉన్నాడని కొమురయ్య పేరు అందులో పెట్టలేదు. మూర్తి గారు రెండుసార్లు హైదరాబాద్ వెళ్లి అడిగారు. జాబితా మారలేదు. తర్వాతి జాబితా రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లు నా పది వరుసల వల్ల పోయినవి. క్షమాపణతో అన్నీ సర్దుకుంటాయని నేను రాయలేను.

మీలో ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగేది పెద్ద విద్యేమీ కాదు. ఆపేసింది మళ్లీ మొదలైతే, అది ఇంకా బతికే ఉందనుకునేది ఇంకేదో లోపల ఉంటుంది. వెతికితే దొరుకుతుంది. ముందు మీరు రాసినవాటిలో వెతకండి. మనుషుల మీదికి వెళ్లడానికి మాత్రం తొందరపడకండి. మీకు తెలిసిన మాటల్లో చెప్పలేని మనిషి మీకంటే సరిగ్గా చూసి ఉండవచ్చు. మీ పైవాడు కారణం అడిగినప్పుడు తెలియకపోతే తెలియదనండి. ఆ మాటకు పోయే పరువు ఎంతో నాకు తెలుసు, ఆ మాట అననందుకు ఇంకొకరికి ఏం పోతుందో కూడా తెలుసు.

పొద్దున ఎనిమిదిన్నర

కొమురయ్య తిరిగి వచ్చిన మొదటి రోజు నేను తొమ్మిదిన్నరకు వెళ్లేసరికి గది తాళం తీసి ఉంది, ఏసీ నడుస్తోంది, యంత్రం ఆన్ చేసి లేదు. అతను వరండాలో గడప బయట నిలబడి ఉన్నాడు.

"ఏమైంది అన్నా?"

"మీరు రాండ్రి, వచ్చినంక చేస్త. ఒక్కన్నే ఉన్నప్పుడు మళ్ల ఏమన్నయితె ఎట్ల?"

రెండో రోజూ అంతే. పర్వాలేదని చెప్పాను, ఆ పది వరుసలు తీసేశానని కాగితం మీద చూపించాను. తలూపాడు గానీ ఒంటరిగా కన్సోల్ ముందు కూర్చోలేదు. మూర్తి గారు, టెర్మినళ్లు ఆ రెండు రోజులూ గంట ఆలస్యంగా మొదలవుతున్నా చూడనట్టే ఊరుకున్నారు.

మూడో రోజు నుంచి నేను ముందు బస్సు ఎక్కాను. ఎనిమిదిన్నరకు ఇద్దరం కలిసి గది తెరిచేవాళ్లం. అతను కొట్టేవాడు, నేను పక్కన కుర్చీ వేసుకుని కాగితం చూసేదాన్ని. ఏ వరుస ఎందుకు వస్తుందో చెప్పేదాన్ని. మొదట్లో అతను వినీ విననట్టు ఉండేవాడు. తర్వాత అడగడం మొదలుపెట్టాడు. గీ లైన్ నిన్న రాలేదు, ఇయ్యాల ఎందుకొచ్చింది అని. అలా అడిగిన ప్రశ్నల్లో రెండింటికి నా దగ్గర జవాబు లేదు. తెలియదు అన్నా, చూసి చెప్తా అన్నాను. అతను నవ్వాడు. వర్ధన్నపేట పోయినప్పటి నుంచి అతను నవ్వడం అదే మొదటిసారి.

ఎండాకాలం పోయింది, వానలు వచ్చి తగ్గాయి. ఒకరోజు యంత్రం లేచాక కాగితం అంతా ఒకసారి చదివి, మడతపెట్టి పక్కన పెట్టి అన్నాడు.

"మేడం, రేపటి సంది మీరు ఆరామ్‌గ రాండ్రి. నేను చూసుకుంట."

మర్నాడు నేను నా పాత బస్సులోనే వెళ్లాను. వరండాలో ఎవరూ లేరు. గడప బయట ఒక జత చెప్పులు విప్పి ఉన్నాయి. లోపల కన్సోల్ చప్పుడు వినిపిస్తోంది.